మీటరు స్పెల్లింగు: అమెరికా వాళ్లది సరైనదా, మనది సరైనదా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. బెంగళూరు పీణ్యలో నీటి ప్రవాహాన్ని కొలిచే మీటర్లు తయారు చేసే సంస్థలో మీరు మాన్యువళ్లు రాస్తున్నారు. పొడవు కొలతైన మీటరు పేరును ఇంగ్లీషులో రాసినప్పుడు చివర ‘ఆర్, ఇ’ అక్షరాలు వచ్చేలా రాశారు. లీటరుకూ అంతే. అమెరికా కొనుగోలుదారు తరఫున మాన్యువల్ చూసినవారు ప్రతిచోటా ఎర్రగీత గీసి, ‘ఇ, ఆర్’ అని తిప్పి రాయమన్నారు. మీ పైఅధికారి మాత్రం అంతర్జాతీయ ప్రమాణం మనదే, ఒక్క అక్షరం కూడా మార్చవద్దన్నారు. ఎవరి మాట వినాలి అని అడిగారు.

ఆ మాన్యువల్ వరకు అమెరికా వారి మాట వినండి. వాళ్ల పాఠకులకు వెళ్లే పత్రంలో ఇ-ఆర్ రాతే సరైనది. అదే పరికరం మాన్యువల్ భారతదేశంలో అమ్మకానికి వెళ్తే ఆర్-ఇ రాతే సరైనది. ఒకే పత్రంలో రెండూ కలగాపులగంగా ఉండటం మాత్రం ఎక్కడైనా తప్పే. ఇలాంటి పత్రాలు దిద్దడంలోనే తల పండినవాడిగా ఇంకో మాట కూడా చెబుతాను. మీ ఇద్దరు పెద్దల తగవు నడుస్తున్న చోట అసలు ప్రమాదమే లేదు. ప్రమాదం వేరే చోట ఉంది, దాని గురించే ఎక్కువగా రాస్తాను.

ముందు మీ పైఅధికారి చెప్పిన ‘అంతర్జాతీయ ప్రమాణం’ సంగతి. మెట్రిక్ కొలతల అంతర్జాతీయ వ్యవస్థను వివరించే పుస్తకాన్ని పారిస్ దగ్గర సెవ్ర్‌లో ఉన్న అంతర్జాతీయ తూనికలు కొలతల బ్యూరో ప్రచురిస్తుంది. 2019లో దాని తొమ్మిదో ముద్రణ వచ్చింది. అధికారిక పాఠం ఫ్రెంచి. పక్కనే ఇచ్చే ఇంగ్లీషు పాఠంలో ఆర్-ఇ రాతే వాడతారు. అయితే ఇంగ్లీషు మాట్లాడే దేశాల మధ్య మీటరు, లీటరు వంటి పేర్ల స్పెల్లింగులో చిన్న చిన్న తేడాలు ఉంటాయని, తమ ఇంగ్లీషు పాఠం అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ పద్ధతిని అనుసరిస్తోందని ఆ పుస్తకమే చెబుతుంది. అంటే అమెరికా రాతను తప్పు అనలేదు, తన ఎంపిక ఏమిటో చెప్పి ఊరుకుంది. మీ పైఅధికారి వాదనకు బలం ఉంది కానీ, ఎదుటివారిది తప్పని అనేంత బలం లేదు.

అమెరికా వైపు కూడా ఇది ఎవరో ఒక ఉద్యోగి ఇష్టాయిష్టం కాదు. అక్కడి జాతీయ ప్రమాణాల సంస్థ నిస్ట్, పారిస్ పుస్తకాన్నే అమెరికా వాడుకకు తగ్గట్టు మార్చి ప్రత్యేక ప్రచురణ 330 పేరుతో వెలువరిస్తుంది. దానికి తోడుగా 811 అనే మార్గదర్శిని ఉంది. ప్రభుత్వ ముద్రణాలయం శైలి పుస్తకాన్ని, దాని ద్వారా వెబ్‌స్టర్ నిఘంటువును అనుసరిస్తున్నామని, అందుకే మీటరు, లీటరు పేర్లను ఇ-ఆర్‌తో రాస్తున్నామని అందులో స్పష్టంగా పెట్టారు. నోవా వెబ్‌స్టర్ 1806లో ఒకటి, 1828లో మరొకటి నిఘంటువులు వేసి, ఫ్రెంచి నుంచి వచ్చిన ‘ఆర్-ఇ’ తోకను చాలా మాటల్లో తిప్పేశాడు. సెంటర్, థియేటర్ అన్న మాటలను అమెరికన్లు రాసే తీరు ఆయన స్థిరపరచిందే. మెట్రిక్ పేర్లు కూడా అదే అలవాటులో కలిశాయి. అమెరికా మెట్రిక్ వ్యవస్థకు పరాయిది కూడా కాదు. 1875 మే 20న పారిస్‌లో మీటరు ఒప్పందంపై సంతకం చేసిన 17 దేశాల్లో అదీ ఒకటి. 1893 నుంచి అక్కడి గజానికీ పౌనుకూ నిర్వచనం మీటరు, కిలోగ్రాముల నుంచే వస్తోంది. కాబట్టి ‘వాళ్లకు మెట్రిక్ తెలియదు, అందుకే అలా రాస్తారు’ అని ఆఫీసులో ఎవరైనా అంటే ఆ మాటను సమర్థించకండి. జర్మన్లు, డచ్చివాళ్లు, స్వీడన్‌వాళ్లు కూడా తమ భాషల్లో ఇ-ఆర్ అనే రాస్తారు. వాళ్లకు మెట్రిక్ రాదని ఎవరూ అనరు.

మన దేశం విషయానికి వస్తే సందేహానికి తావు లేదు. 1956లో తూనికలు కొలతల ప్రమాణాల చట్టం చేశాం, 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ అమలు మొదలుపెట్టాం. ఇప్పుడు ఉన్నది 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం, 2011 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆ చట్టం ఇంగ్లీషు పాఠంలో పొడవుకు మూల ప్రమాణం పేరు ఆర్-ఇ రాతతోనే ఉంది. కాబట్టి భారతీయ కొనుగోలుదారుకు, టెండరుకు, ప్రభుత్వ తనిఖీకి వెళ్లే కాగితంలో ఆ రాతే ఉండాలి. ఇక్కడ నేను రాజీ పడను. కంప్యూటర్‌లో అమెరికా ఇంగ్లీషు నిఘంటువు పెట్టుకుని, అది కింద ఎర్రగీత గీసిందని మన చట్టంలోని మాటను మార్చే అలవాటు బెంగళూరు కార్యాలయాల్లో బాగా పెరిగింది. భాష అమరికను భారతీయ ఇంగ్లీషుకు మార్చుకుంటే ఆ గీతలు పోతాయి. మీ పరికరంతో పాటు మొబైల్ యాప్ కూడా ఉందన్నారు కాబట్టి దాని సంగతీ చూడండి. యూనిట్ల పేర్లకు చాలా సాఫ్ట్‌వేర్లు ఆధారపడే యూనికోడ్ సంస్థ వారి సీఎల్‌డీఆర్ అనే భాషా సమాచార నిధిలో విడిగా ‘ఇంగ్లీషు’ అంటే అమెరికా ఇంగ్లీషు. ‘ప్రపంచ ఇంగ్లీషు’ అనే శాఖ వేరుగా ఉంది. బ్రిటన్, ఆస్ట్రేలియాలతో పాటు భారతీయ ఇంగ్లీషు దాని కిందకే వస్తుంది. మీ ప్రోగ్రామర్ దేశం పేరు చెప్పకుండా ఇంగ్లీషు అని మాత్రమే పెడితే, మాన్యువల్‌లో ఒక రాత, తెరమీద ఇంకో రాత కనిపిస్తాయి.

తెలుగు, కన్నడ మాన్యువళ్లలో ఈ బాధ లేదు. రెండు రాతలూ మన లిపిలో మీటరే.

ఇప్పుడు అసలు సంగతి. రెండు రాతలున్నా కొలత ఒకటే అయిన చోట ఎవరూ నష్టపోరు. ఏ స్పెల్లింగుతో రాసినా మీ పైపు పొడవు మారదు. రాత ఒకటే ఉండి కొలతలు వేరైన చోటే డబ్బు పోతుంది, పరికరం పాడవుతుంది. ఎర్ర కలం అక్కడ పట్టుకోవాలి.

మొదటిది టన్ను. మన దగ్గర టన్ను అంటే 1000 కిలోలు, ఇంగ్లీషులో చివర రెండు ‘ఎన్’లూ ఒక ‘ఇ’తో రాస్తాం. అమెరికాలో చివరి ‘ఎన్, ఇ’ తీసేసి మామూలుగా టన్ను అని రాస్తే దాని అర్థం 2000 పౌన్లు, అంటే 907.18 కిలోలు. పాత బ్రిటిష్ టన్ను 2240 పౌన్లు, సుమారు 1016 కిలోలు. చెవికి మూడూ ఒక్కలాగే వినిపిస్తాయి. మీరు పంపే పెద్ద వాల్వులు, మీటర్ల పెట్టెల మొత్తం బరువు 20 టన్నులని ఒకరు మన లెక్కలో రాసి, ఎదుటివారు వాళ్ల లెక్కలో చదివితే తేడా 1850 కిలోలకు పైగా వస్తుంది. క్రేను ఎంపికలో, లారీ పర్మిట్‌లో, రవాణా ఛార్జీలో ఆ తేడా తగలకుండా ఉండదు. అందుకే నిస్ట్ కూడా 1000 కిలోల యూనిట్‌ను ‘మెట్రిక్ టన్ను’ అనే పేరుతోనే రాయమంటుంది. అమెరికా మాన్యువల్‌లో మీరు మార్చాల్సిన అన్ని పేర్లలోనూ దీనికే ఎక్కువ శ్రద్ధ పెట్టండి. ఇంకా మంచి పద్ధతి బరువులన్నీ కిలోల్లో ఇచ్చేయడం. 18,500 కిలోలు అని రాసిన చోట ఎవరూ పొరబడరు. ఏసీల టన్ను మళ్లీ వేరే. అది బరువే కాదు, చల్లబరిచే సామర్థ్యం. ఒక రోజులో ఒక అమెరికా టన్ను మంచును కరిగించే వేడి నుంచి పుట్టిన లెక్క, సుమారు 3.517 కిలోవాట్లు. మీ కంట్రోల్ రూమ్ నిర్దేశాల్లో ఏసీ టన్నులు, సామాను టన్నులు ఒకే పేజీలో ఉంటే రెండింటినీ స్పష్టంగా వేరు చేయండి.

రెండోది గాలన్. మీరు ప్రవాహ మీటర్ల పనిలో ఉన్నారు కాబట్టి ఇది మీ గుమ్మంలోనే ఉంది. అమెరికా గాలన్ 3.785 లీటర్లు, బ్రిటిష్ గాలన్ 4.546 లీటర్లు. రాత ఒక్కటే, ఒక్క అక్షరం తేడా లేదు. నిమిషానికి 100 గాలన్లు అంటే ఒక లెక్కలో 378.5 లీటర్లు, ఇంకో లెక్కలో 454.6 లీటర్లు. ఇరవై శాతం తేడాతో మీటరు పరిమాణం ఎంచుకుంటే పరికరం తన పరిధి దాటి పనిచేయాల్సి వస్తుంది. అందుకే మీ కేటలాగులో గాలన్ అన్న ప్రతిచోటా ముందు ‘అమెరికా’ అన్న మాట ఉండాలి. బెంగళూరు అపార్టుమెంట్లకు మురుగుశుద్ధి ప్లాంట్లు కట్టేవాళ్లు రోజుకు ఇన్ని కిలోలీటర్లు అని కేఎల్‌డీ లెక్కలో అడుగుతారు. నగర నీటి సరఫరా వాళ్లు ఎమ్‌ఎల్‌డీ అంటారు, రోజుకు పది లక్షల లీటర్లు. ఈ పొట్టి పేర్లు ఇక్కడ అందరికీ తెలుసు, ఇక్కడి ప్రతిపాదనల్లో వాడుకోండి. అమెరికాకు పంపే పత్రంలో మాత్రం విడమరిచి రాయండి, లేదా గంటకు ఇన్ని ఘనపు మీటర్లు అని మార్చి రాయండి. ఒక కిలోలీటరు అంటే ఒక ఘనపు మీటరే కాబట్టి లెక్క కష్టం కాదు. అంకెల సంగతి కూడా: 1,50,000 అని మన పద్ధతిలో కామాలు పెడితే అమెరికా పాఠకుడు అచ్చుతప్పు అనుకుంటాడు. మూడేసి అంకెల మధ్య ఖాళీ వదలడం అంతర్జాతీయ పద్ధతి, అది అందరికీ అర్థమవుతుంది.

మూడోది పరికరానికీ కొలతకూ ఒకే రాత. ఆర్-ఇ పద్ధతికి ఉన్న నిజమైన లాభం ఇక్కడే కనిపిస్తుంది. కొలత పేరు ఆర్-ఇ, కొలిచే పరికరం పేరు ఎప్పుడూ ఇ-ఆర్. వోల్టుమీటరు, థర్మామీటరు, మీరు తయారు చేసే ప్రవాహ మీటరు బ్రిటిష్ రాతలోనూ ఇ-ఆర్‌తోనే ముగుస్తాయి. అమెరికా రాతలో ఈ తేడా కనబడదు. మామూలు వాక్యంలో సందర్భాన్ని బట్టి అర్థమైపోతుంది కానీ, మైక్రోమీటరు దగ్గర చిక్కు వస్తుంది. షాఫ్టు వ్యాసం కొలిచే స్క్రూ పరికరం పేరూ అదే, మీటరులో పది లక్షలో వంతు పేరూ అదే. ‘మైక్రోమీటరుతో చూసి ఐదు మైక్రోమీటర్లలోపు ఉండాలి’ అని అమెరికా ఇంగ్లీషులో రాస్తే రెండు మాటలూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. కొలత వచ్చిన చోట పేరు వదిలేసి అంకె పక్కన గుర్తు పెట్టండి, అయోమయం తీరిపోతుంది. మైక్రోమీటరు కొలతకు వర్క్‌షాపుల్లో అందరూ అనే మైక్రాన్‌ను 1967-68లోనే అంతర్జాతీయ తూనికలు కొలతల సమావేశం రద్దు చేసింది. నోటితో అన్నా ఫరవాలేదు, మాన్యువల్‌లో మాత్రం రాయకండి.

దీనికి సంబంధించి ఒక గట్టి హెచ్చరిక. అమెరికా ఫైలును భారతీయ ఫైలుగా మార్చేటప్పుడు కంప్యూటర్‌కు ‘ఇ-ఆర్ మీటరును వెతికి ఆర్-ఇ మీటరుగా అంతటా మార్చు’ అని ఆదేశం ఇవ్వకండి. ఒక సంస్థ మాన్యువల్‌లో ఆ పని చేసిన ఫలితం నా చేతికి వచ్చింది. పారామీటర్ అనే మాటకు ఆర్-ఇ తోక వచ్చింది. పైపు వ్యాసానికి వాడే డయామీటర్‌కు, చుట్టుకొలతకు వాడే పెరిమీటర్‌కు కూడా అదే గతి పట్టింది. అట్టమీద పరికరం పేరే మారిపోయింది, ప్రవాహ మీటరు కాస్తా ప్రవాహపు పొడవు కొలతలా తయారైంది. సెట్టింగుల పట్టికలో ‘పారామీటర్ 14’ అని వెతికితే దొరకలేదు, ఎందుకంటే పరికరం తెరమీద పాత రాతే ఉంది. కస్టమర్‌కు పరికరాన్ని అమర్చుకునేటప్పుడు కావలసిందే ఆ పట్టిక. మార్పు ఒక్కొక్కటిగా, కళ్లతో చూసి చేయాలి. కనీసం పూర్తి మాటలను మాత్రమే పట్టుకునేలా వెతికి, పరికరం పేర్లను ముందే పక్కన పెట్టాలి. ఆర్-ఇ నుంచి ఇ-ఆర్‌కు వెళ్లేటప్పుడు ఇంత ప్రమాదం ఉండదు.

ఇక గుర్తులు. పేర్లలో రెండు రాతలకు చోటుంది, గుర్తుల్లో లేదు. మీటరు గుర్తు చిన్న ఎమ్, కిలోగ్రాము గుర్తు చిన్న కె చిన్న జి. న్యూయార్కులోనైనా, చెన్నైలోనైనా, టోక్యోలోనైనా అవే. పారిస్ పుస్తకం ఇంగ్లీషు పాఠానికీ నిస్ట్ పుస్తకానికీ ఇందులో తేడా లేదు. మన పరిశ్రమ పేర్ల స్పెల్లింగు గురించి వాదించుకుంటూ, గుర్తులను మాత్రం ఇష్టం వచ్చినట్టు రాస్తోందన్నది నా ఆవేదన. పీణ్యలో ఎన్నో పంపుల నేమ్‌ప్లేట్లు చూశాను. నీళ్లెత్తే ఎత్తు దగ్గర అంకె, దాని వెంటే ఖాళీ లేకుండా పెద్ద ఎమ్, ఆపైన టి, ఆర్, ఎస్, చివర ఒక చుక్క. కింద బరువు దగ్గర పెద్ద కె, చిన్న జి, దానికి బహువచనం ఎస్. ఇంత చిన్న రేకు మీద ఇన్ని తప్పులు! పెద్ద కె అంటే ఉష్ణోగ్రతకు వాడే కెల్విన్. చిన్న ఎమ్ ముందుకు వచ్చి కూర్చుంటే మిల్లీ, అంటే వెయ్యో వంతు. అదే పెద్ద ఎమ్ అయితే మెగా, పది లక్షల రెట్లు. గుర్తుకు బహువచనం ఉండదు. వాక్యం చివర తప్ప దాని తరువాత చుక్క పెట్టరు. అంకెకూ గుర్తుకూ మధ్య ఖాళీ ఉండాలి. పీడనం రాసేటప్పుడు కిలోపాస్కల్ గుర్తులో కె చిన్నది, పి పెద్దది, ఎ చిన్నది. కానీ పేరు పూర్తిగా రాస్తే పాస్కల్ శాస్త్రవేత్త పేరే అయినా ఇంగ్లీషులో చిన్న అక్షరంతోనే మొదలవుతుంది. ఇవి రెండు దేశాలకూ ఒకటే. అమెరికా పరిశీలకులు వీటిలో దేన్నయినా మార్చమంటే అప్పుడు మీ పైఅధికారి పక్షాన నిలబడండి.

లీటరు ఒక్కదానికి చిన్న సడలింపు ఉంది. 1879లో దానికి చిన్న ఎల్ గుర్తు ఇచ్చారు. టైపులో అది ఒకటి అంకెలా కనిపిస్తుంది. 11 పక్కన చిన్న ఎల్ పెట్టి చూడండి, 111 లాగా ఉంటుంది. శాస్త్రవేత్త పేరు మీద పుట్టిన యూనిట్లకే పెద్ద అక్షరం అన్న నియమాన్ని పక్కనపెట్టి, 1979లో తూనికలు కొలతల పదహారో సర్వసభ్య సమావేశం పెద్ద ఎల్‌ను కూడా అంగీకరించింది. అమెరికాలో పెద్ద ఎల్‌నే వాడమంటారు. మీ పరికరాల తెరమీద చిన్న చుక్కలతో అక్షరాలు వెలుగుతాయి కాబట్టి అన్ని దేశాలకూ పెద్ద ఎల్‌నే ఖాయం చేసుకోండని నా సలహా. రెండూ చట్టబద్ధమే, ఒకటి మాత్రం దూరం నుంచి కూడా చదవగలం.

మిగతావి చిన్నవి. పది రెట్లను చెప్పే ‘డెకా’ను అమెరికాలో ‘కె’తో, మిగతాచోట్ల ‘సి’తో రాస్తారు. గుర్తు రెండుచోట్లా డి, ఎ. మీ మాన్యువల్‌లో అది వచ్చే అవకాశమే తక్కువ. గ్రాముకు చివర అదనంగా ‘ఎమ్, ఇ’ తగిలించే పాత బ్రిటిష్ రాత ఇప్పుడు మీకు అక్కరలేదు, రెండువైపులా పొట్టి రాతే నడుస్తుంది. ప్రమాణాల పత్రాల శీర్షికలను, ఇతరుల పుస్తకాల నుంచి ఎత్తి రాసిన వాక్యాలను మాత్రం వాళ్లు ఎలా రాశారో అలాగే ఉంచండి. ఐఎస్ఓ ప్రమాణం పేరులో ఆర్-ఇ ఉంటే అమెరికా మాన్యువల్‌లోనూ ఆర్-ఇ ఉండాల్సిందే. పరిశీలకులు దానిమీద గీత గీస్తే అది శీర్షిక అని పక్కన రాయండి.

అమెరికా వారికి ఇలా జవాబు పంపండి: పేర్లు నిస్ట్ 811 ప్రకారం మార్చాం, 1000 కిలోల యూనిట్‌ను మెట్రిక్ టన్నుగా రాశాం, గాలన్లన్నీ అమెరికా గాలన్లని స్పష్టం చేశాం, గుర్తులు మాత్రం మార్చలేదు. మీ పైఅధికారికి భారతీయ ఫైలు విడిగా చూపించండి, అందులో అంతా చట్టం రాతే ఉంటుంది కాబట్టి ఆయనకు అభ్యంతరం ఉండదు. రెండు ఫైళ్లు నిర్వహించే ఓపిక సంస్థకు లేదు, ప్రపంచమంతటికీ ఒకే ఇంగ్లీషు మాన్యువల్ కావాలి అంటే, ఐఎస్ఓ రాతనే ఎంచుకోండి. అంకె ఉన్న ప్రతిచోటా పేరు తీసేసి గుర్తు పెట్టండి. ఆ తరువాత యూనిట్ పేరును అక్షరాలా రాయక తప్పని వాక్యాలను వెతికి చూడండి. ప్రవాహ మీటరు మాన్యువల్‌లో అవి చాలా తక్కువ ఉంటాయి, ఎక్కువగా పరిచయం పేజీలోనూ వారంటీ పేజీలోనూ కనిపిస్తాయి. వాటి కోసం మాత్రం అమెరికా వారి అనుమతి ముందుగా రాతపూర్వకంగా తీసుకుంటే సరిపోతుంది.